కట్టెకు మళ్ళిన కళాశాల: మిడిల్‌బరీ ప్రాంగణ తాపనవ్యవస్థ, కర్బనపు పద్దు

వ్యాససంగ్రహం:

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఉన్న మిడిల్‌బరీ కళాశాల 2009లో తన ప్రాంగణాన్ని వేడి చేసేందుకు చమురుకు బదులు కట్టెను ప్రధాన ఇంధనంగా స్వీకరించింది. ఈ మార్పుకు దారితీసిన పరిస్థితులను, ఆ ప్రాంతపు అడవి చరిత్రను, యంత్రం పనితీరును, కట్టె కర్బనాన్ని ఏ పద్దులో రాయాలన్న వివాదాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. యంత్రం విజయవంతమైనా, దానికి ఆధారమైన లెక్క మాత్రం చర్చకు గురవుతూనే వచ్చిందని, ఆ చర్చ మూలాలు పందొమ్మిదో శతాబ్దపు వెర్మాంట్ భూచరిత్రలో ఉన్నాయని ఇందులో ప్రతిపాదించడమైంది.

ముఖ్యపదాలు: కట్టె ఇంధనం, ఆవిరి తాపనం, వెర్మాంట్, మిడిల్‌బరీ, గ్యాసిఫికేషన్, కర్బన తటస్థత, అడవి చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

తెలుగునాట కట్టె అనగానే గుర్తుకు వచ్చేది వంటపొయ్యి. ఆ తర్వాత ఇటుకబట్టీ, బెల్లం గానుగ దగ్గరి పెనం, ఊకతో నడిచే రైస్‌మిల్లు బాయిలర్, చెరకుపిప్పిని మండించే చక్కెర కర్మాగారం గుర్తుకు వస్తాయి. మనుషులు కూర్చునే గదిని వేడి చేయడం కోసం ఏడాదిలో ఆరేడు నెలలు ఇంధనం తగలబెట్టవలసిన అవసరం ఇక్కడి వారికి అనుభవంలో లేనిది. ఉత్తర అమెరికా ఈశాన్య భాగంలో అది బతుకుతెరువుతో సమానమైన అవసరం. వెర్మాంట్ రాష్ట్రంలో జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నాకు పది పదిహేను డిగ్రీలు దిగువకు పడిపోవడం మామూలు విషయం. అటువంటి చోట విశ్వవిద్యాలయానికి గ్రంథాలయం ఎంత ముఖ్యమో బాయిలర్ గది అంత ముఖ్యం.

పరిశోధన జరిగే ప్రాంగణాలకు ఈ అవసరం మరింత ఎక్కువ. రసాయన, జీవశాస్త్ర ప్రయోగశాలల్లోని గాలిని విషవాయువుల భయంతో నిరంతరం బయటికి తోడివేస్తారు. వేడి చేసిన గాలి అలా బయటికి పోతూ ఉంటే, దాని స్థానంలో వచ్చే చల్లగాలిని మళ్ళీ వేడి చేయాలి. పరికరాల శుద్ధికి, కొన్ని ప్రయోగాలకు ఆవిరి కావాలి. అందువల్ల ఒక ప్రయోగశాల భవనం అంతే వైశాల్యమున్న వసతిగృహం కన్నా చాలా ఎక్కువ ఇంధనం తీసుకుంటుంది. శీతోష్ణస్థితి మార్పును గురించి పాఠం చెప్పే తరగతిగది కింద నుంచే చమురు మండించిన ఆవిరి గొట్టం పోతూ ఉండటం ఇరవయ్యొకటో శతాబ్దం మొదట్లో అనేక అమెరికన్ విద్యాసంస్థలను ఇబ్బంది పెట్టిన వైరుధ్యం. మిడిల్‌బరీకి ఈ ఇబ్బంది మరికాస్త ఎక్కువ. పర్యావరణ అధ్యయనాన్ని పట్టవిద్యాంశంగా అమెరికాలో మొదట ప్రవేశపెట్టిన సంస్థ తానేనని ఆ కళాశాల చెప్పుకుంటుంది. ఆ విభాగం 1965లో మొదలైంది.

2. గొర్రెల మేత నుంచి అడవి దాకా:

మిడిల్‌బరీ కళాశాల 1800లో ఏర్పడింది. అప్పటికి కట్టె తప్ప మరో ఇంధనం ఆ ప్రాంతానికి తెలియదు. వలస వచ్చిన రైతులకు అడవి ఒక అడ్డంకి. నరికి, కాల్చి, బూడిదనుంచి పొటాష్ తీసి అమ్ముకునేవారు. 1811లో విలియం జార్విస్ మెరీనో గొర్రెలను వెర్మాంట్‌కు తెచ్చిన తర్వాత నరకడానికి కొత్త కారణం దొరికింది. ఉన్ని ధర పెరిగినకొద్దీ కొండవాలులు పచ్చికబయళ్ళుగా మారాయి. 1840 నాటికి రాష్ట్రంలో గొర్రెల సంఖ్య 16 లక్షలు దాటింది. మనుషులు మూడు లక్షలకు కొంచెం తక్కువ. మిడిల్‌బరీ ఉన్న ఆడిసన్ కౌంటీ ఈ గొర్రెల వ్యాపారానికి నడిబొడ్డు. రాష్ట్ర భూభాగంలో నాలుగింట మూడొంతుల దాకా చెట్టు లేకుండా పోయిందని చరిత్రకారులు అంచనా వేస్తారు.

ఈ విధ్వంసాన్ని కళ్ళారా చూసినవాడు జార్జ్ పెర్కిన్స్ మార్ష్. 1801లో వెర్మాంట్‌లోని వుడ్‌స్టాక్‌లో పుట్టిన ఈయన న్యాయవాది, రాజకీయవేత్త, బహుభాషావేత్త. 1847లో రట్లండ్ కౌంటీ వ్యవసాయ సంఘంలో చేసిన ప్రసంగంలో, తాతల కాలంలో లాగా చెట్టును అడ్డంకిగా చూసే రోజులు పోయాయని, కలపకూ వంటచెరకుకూ ధర పెరగడమే అందుకు నిదర్శనమని రైతులకు చెప్పాడు. కొండమీద చెట్టు పోతే వాగులో వరద వస్తుందని, వేసవిలో ఊట ఎండిపోతుందని హెచ్చరించాడు. ఆ ఆలోచనే పెరిగి 1864లో ‘మ్యాన్ అండ్ నేచర్’ గ్రంథంగా వెలువడింది. మనిషి చేష్టలు భూమి స్వరూపాన్ని మారుస్తాయన్న వాదానికి ఆధునిక కాలంలో అదొక తొలి సమగ్ర గ్రంథం.

అయితే వెర్మాంట్ అడవిని కాపాడింది మార్ష్ హెచ్చరిక కాదు. ఉన్ని ధర పడిపోవడం, పడమట సారవంతమైన భూములు తెరుచుకోవడం, రైలుమార్గాలు రావడం వంటి కారణాలతో రైతులు కొండపొలాలను వదిలిపోయారు. వదిలిన పచ్చికల్లో మొదట పైన్ చెట్లు, తర్వాత మేపుల్, బీచ్, బర్చ్ చెట్లు మొలిచాయి. దీనికి తోడు దేశం మొత్తంమీద ఇంధనం మారిపోయింది. 1885 ప్రాంతంలో అమెరికాలో బొగ్గు వినియోగం కట్టె వినియోగాన్ని మించింది. కట్టెమీద ఒత్తిడి తగ్గిన ఆ కాలంలోనే అడవి తిరిగి పుంజుకుంది. నేడు వెర్మాంట్ భూభాగంలో దాదాపు నాలుగింట మూడొంతులు అడవి. అంటే ఒకటిన్నర శతాబ్దంలో లెక్క తిరగబడింది. ఈనాడు పునరుత్పాదకమని పిలుస్తున్న ఆ కట్టె నిలవ, కొంతవరకు, బొగ్గూ చమురూ కట్టెపనిని తమమీద వేసుకున్న కాలంలో పోగైనది. 2009 నాటి నిర్ణయాన్ని పరిశీలించేటప్పుడు ఈ సంగతిని మరచిపోతే వివాదం సగమే అర్థమవుతుంది.

కళాశాలకూ ఈ అడవికీ నేరుగా ఒక బంధం ఉంది. మిడిల్‌బరీ వాసి జోసెఫ్ బాటెల్ గుర్రాల ప్రేమికుడు. మోర్గాన్ జాతి గుర్రాల వంశావళిని గ్రంథస్థం చేశాడు. మోటారుకార్లంటే ఆయనకు ఎంత మంట అంటే, తన పత్రికలో కారు ప్రమాదాల వార్తలను వెతికి మరీ ప్రచురించేవాడు. ఇతరులు చిత్రపటాలు కొన్నట్లుగా ఆయన కొండలు కొన్నాడు. 1915లో చనిపోతూ 30 వేల ఎకరాలకు పైగా అడవిని కళాశాలకు రాసిచ్చాడు. వెర్మాంట్ అసలు అడవికి నమూనాగా దాన్ని నిలపాలన్నది ఆయన కోరిక. కళాశాల 1930ల నుంచి అందులో అధికభాగాన్ని కేంద్ర ప్రభుత్వపు గ్రీన్ మౌంటెన్ జాతీయ అరణ్యానికి అమ్మింది. బ్రెడ్‌లోఫ్ ప్రాంతంలో కొంత మిగిలింది. ఆ మిగిలిన భాగం ఒక శతాబ్దం తర్వాత కర్బనపు లెక్కలో ప్రత్యక్షమవుతుందని బాటెల్ ఊహించి ఉండడు.

3. ఆవిరి గొట్టాల కింద చమురు:

గదికొక పొయ్యి బదులు ఊరంతటికీ ఒకే బాయిలర్ పెట్టి, ఆవిరిని గొట్టాల ద్వారా పంపిణీ చేసే పద్ధతిని 1877లో న్యూయార్క్ రాష్ట్రంలోని లాక్‌పోర్ట్ పట్టణంలో బర్డ్‌సిల్ హాలీ వ్యాపారస్థాయిలో నెలకొల్పాడు. భవనాలన్నీ ఒకే యాజమాన్యం కింద దగ్గరదగ్గరగా ఉండే విద్యాప్రాంగణాలకు ఈ పద్ధతి అచ్చంగా సరిపోయింది. వసతిగృహాల్లో అగ్నిప్రమాదాల భయం తగ్గింది, పనివాళ్ళు మెట్లెక్కి బొగ్గు మోయవలసిన బాధ తప్పింది. కేంద్ర బాయిలర్‌కు మరో సౌలభ్యం కూడా ఉంది. గొట్టాలనూ భవనాలనూ కదిలించకుండా, ఒక్క బాయిలర్‌ను మార్చితే ప్రాంగణం మొత్తం ఇంధనం మారిపోతుంది. ఇరవయ్యో శతాబ్దంలో బొగ్గు పోయి చమురు, చమురు పోయి సహజవాయువు రావడం చాలాచోట్ల ఇలాగే జరిగింది.

మిడిల్‌బరీలో సహజవాయువు లేదు. దాని గొట్టపుమార్గం రాష్ట్రపు వాయవ్య మూలలోని బర్లింగ్‌టన్ పరిసరాలను దాటి దక్షిణానికి చాలాకాలం రాలేదు. కళాశాల మండించింది ఆరో నంబరు చమురు. ముడిచమురునుంచి పెట్రోలు, కిరోసిన్, డీజిల్ తీసివేయగా అడుగున మిగిలే చిక్కటి నల్లటి పదార్థం అది. వేడి చేస్తే గాని పారదు. చవకే గాని గంధకం, మసి ఎక్కువ. ఏటా సుమారు 20 లక్షల గ్యాలన్లు ఈ చమురు కళాశాల బాయిలర్లలో మండేది.

1973 చమురు సంక్షోభం తర్వాత వెర్మాంట్‌లో కట్టె మళ్ళీ చర్చలోకి వచ్చింది. ఇళ్ళలో ఇనుప పొయ్యిలు తిరిగి వెలిశాయి. 1984లో బర్లింగ్‌టన్‌లో 50 మెగావాట్ల మెక్‌నీల్ విద్యుత్కేంద్రం కట్టెతో మొదలైంది. ఆ దశకం నుంచి ప్రభుత్వ పాఠశాలలు ఒక్కొక్కటే కట్టెపేళ్ళతో నడిచే బాయిలర్లు పెట్టుకోసాగాయి. దేశం మరో చివర, ఇడాహో విశ్వవిద్యాలయం 1986లోనే కట్టె బాయిలర్ నెలకొల్పి, ఆ ప్రాంతపు సామిల్లులలో మిగిలిపోయే దేవదారు పేళ్ళతో ప్రాంగణానికి ఆవిరి సరఫరా చేయడం మొదలుపెట్టింది. అప్పటికి ఎవరూ శీతోష్ణస్థితి మాట ఎత్తలేదు. డబ్బు ఆదా ఒక్కటే కారణం. ఈ పాత ఉదాహరణలు అంతగా ప్రచారానికి నోచుకోలేదు గాని, ఆ తర్వాత వచ్చినవారికి ధైర్యమిచ్చినవి అవే.

4. నిర్ణయం:

2004లో మిడిల్‌బరీ ధర్మకర్తలు, 2012 నాటికి ఉద్గారాలను 1990 స్థాయికన్నా 8 శాతం తగ్గించాలన్న లక్ష్యాన్ని అంగీకరించారు. విద్యార్థులకు అది చాలలేదు. తరగతిగదిలో చేసిన లెక్కలను పట్టుకుని వారు పాలకవర్గం ముందుకు వెళ్ళారు. 2007 మే నెలలో ధర్మకర్తలు 2016 నాటికి కర్బన తటస్థతను సాధించాలని తీర్మానించారు. తటస్థత అంటే సంస్థ వదిలే ఉద్గారాల నుంచి, అది ఆపిన లేదా పీల్చిన ఉద్గారాలను తీసివేస్తే సున్నా మిగలడం. ప్రాంగణపు ఉద్గారాల్లో సింహభాగం బాయిలర్లదే కనుక, చమురును ముట్టకుండా ఆ లక్ష్యాన్ని చేరే దారి లేదు.

కట్టె బాయిలర్ ఆ తీర్మానానికి వెన్నెముక. 2009 ఫిబ్రవరిలో సుమారు 1.2 కోట్ల డాలర్ల వ్యయంతో నిర్మించిన తాపనకేంద్రం పని ప్రారంభించింది. ఏటా 20 వేల టన్నుల కట్టెపేళ్ళను మండించి 10 లక్షల గ్యాలన్ల చమురును తప్పించాలన్నది ప్రణాళిక. దీనివల్ల ఏటా 12,500 మెట్రిక్ టన్నుల కార్బన్ డయాక్సైడ్, అంటే కళాశాల ఉద్గారాల్లో ఇంచుమించు 40 శాతం తగ్గుతుందని ప్రకటించారు. పేళ్ళను 75 మైళ్ళ లోపలి నుంచే తెప్పించుకోవాలని నియమం పెట్టుకున్నారు. ఇందులో పర్యావరణంతో పాటు ఊరి లెక్క కూడా ఉంది. చమురుకు పెట్టే డాలరు రాష్ట్రం దాటిపోతుంది, కట్టెకు పెట్టే డాలరు కట్టెకొట్టేవాడి దగ్గర, లారీ నడిపేవాడి దగ్గర, అడవి యజమాని దగ్గర ఆగుతుంది. కాగితపు మిల్లులు మూతపడుతున్న ఆ ప్రాంతంలో వంకర చెట్లకూ కొమ్మలకూ గిరాకీ లేక ఇబ్బందిపడుతున్న చిన్న అడవి యజమానులకు ఈ వాదం బాగా నచ్చింది.

సొంతంగా కట్టె పండించుకోవచ్చునా అన్న ప్రయోగమూ జరిగింది. 2007లో న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు అటవీశాస్త్ర కళాశాల సహాయంతో పదెకరాల్లో విల్లో మొక్కలు నాటారు. మొదలంటా కోసినా మళ్ళీ చిగుర్చే పొద అది. కోస్తా జిల్లాల రైతులు కాగితపు మిల్లులకోసం సుబాబుల్‌ను కోసి మళ్ళీ పెంచే తీరుకు ఇది దగ్గరి పద్ధతి. బాయిలర్ ఆకలికి పదెకరాలు ఏ మూలకూ చాలవు. ప్రయోగం ప్రయోగంగానే మిగిలింది, కట్టె బయటి అడవులనుంచే వచ్చింది.

5. పచ్చికట్టెను మండించే యంత్రం:

పచ్చికట్టె పొయ్యిలో పెడితే ఏమవుతుందో పల్లెటూరి ఇల్లాలికి చెప్పనక్కరలేదు. గొట్టంతో ఎంత ఊదినా కళ్ళనీళ్ళు, పొగ తప్ప మంట రాదు. అడవిలో కొట్టి నేరుగా తెచ్చిన పేళ్ళ బరువులో ఇంచుమించు సగం నీరే. ఆ నీటిని ఆవిరి చేయడానికే కొంత వేడి ఖర్చవుతుంది. మిడిల్‌బరీలో దీనికి అనుసరించిన ఉపాయం గ్యాసిఫికేషన్, అంటే కట్టెను మొదట వాయువుగా మార్చి ఆ వాయువును మండించడం. పేళ్ళకు చాలినంత గాలి అందనీయకుండా అధిక ఉష్ణోగ్రతలో కుములబెడితే మండే వాయువులు పైకి లేస్తాయి. ఆపై గాలి తగిలించి వాటిని మండిస్తారు. ఘనపదార్థాన్ని నేరుగా కాల్చడంకన్నా ఈ మంట శుభ్రంగా ఉంటుంది, మసి తక్కువ. బయటికి పోయే పొగలోని నుసిని గుడ్డసంచుల వంటి వడపోతలు పట్టివేస్తాయి. వచ్చిన ఆవిరి భవనాలకు వెళ్ళేలోగా చిన్న టర్బైన్లను తిప్పి కొంత విద్యుత్తు కూడా ఇస్తుంది.

ఈ సూత్రం తెలుగువారికి కొత్తది కాదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పెట్రోలు కరువై, బస్సు వెనక బొగ్గుకుంపటి లాంటి డ్రమ్ము అమర్చి, కర్రబొగ్గునుంచి పుట్టిన వాయువుతో ఇంజను నడిపేవారు. ఎక్కు వచ్చినచోట ప్రయాణికులు దిగి నడవవలసి వచ్చేదని పాత తరంవారు చెప్పుకునే బొగ్గుబస్సులు అవే. ఆ బస్సుకూ ఈ కేంద్రానికీ మధ్య అరవై ఏళ్ళ ఇంజనీరింగు ఉన్నా, డ్రమ్ములో జరిగే రసాయనచర్య ఒకే కుటుంబానికి చెందినది.

కట్టెతో వచ్చే అసలు చిక్కు పరిమాణం. చమురులో ఇమిడిన శక్తికి సమానమైన శక్తి కట్టెపేళ్ళలో కావాలంటే స్థూలంగా పదింతలకు పైగా చోటు కావాలి. చమురుకు ఒక ట్యాంకు, ఒక పంపు చాలు. కట్టెకు గోతాము, కన్వేయరు, జల్లెడ, రోజుకు రెండు మూడు లారీలు, బూడిదను తోడే ఏర్పాటు కావాలి. ఒక పొడవాటి కొమ్మ ముక్క అడ్డుపడితే మొత్తం కన్వేయరు ఆగుతుంది. మంచులో తడిసిన పేళ్ళు గడ్డకడతాయి. అందువల్ల బాయిలర్ గదిలో పనివాడి నేర్పు ప్రాముఖ్యం చమురు కాలంకన్నా పెరిగింది. ఈ విషయం ప్రచారపత్రాల్లో కనిపించదు.

తోటి ప్రాంగణాల అనుభవం ఈ మాటను రుజువు చేస్తుంది. సౌత్ కరొలైనా విశ్వవిద్యాలయంలో 2007 చివర సుమారు 2 కోట్ల డాలర్లతో తెరిచిన కట్టె గ్యాసిఫికేషన్ కేంద్రం తరచు ఆగిపోయింది. 2009 జూన్‌లో అక్కడ పేలుడు జరిగి లోహపు పలక ఎగిరిపడింది. ప్రాణనష్టం తప్పింది గాని 2011లో కేంద్రం మూతపడింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం 2012లో పరిశోధనకూ తాపనానికీ కలిపి ఒక కేంద్రాన్ని తెరిచింది. కట్టెవాయువుతో ఇంజను తిప్పి విద్యుత్తు తీయాలన్న భాగం మొండికేసింది. వేడి ఇచ్చే భాగం నిలిచింది. కొలరాడోలోని జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల 2008లో, బెరడుపురుగు తిని చచ్చిన పైన్ చెట్ల పేళ్ళను సహజవాయువుకు బదులుగా వాడే తాపనకేంద్రాన్ని కట్టుకుంది. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, కట్టెనుంచి వేడి మాత్రమే ఆశించినవారికి తలనొప్పులు తక్కువని, ఎక్కువ తెలివిని ఆశించినవారికి ఎక్కువని తేలుతుంది. మిడిల్‌బరీ ప్రధానంగా వేడితో సరిపెట్టుకుంది.

6. సున్నా ఎక్కడ రాశారు?

ఇంతవరకు చెప్పినది యంత్రం కథ. వివాదం యంత్రం గురించి కాదు, పద్దు గురించి.

పొగగొట్టం దగ్గర నిలబడి కొలిస్తే, అంతే వేడికి కట్టె చమురుకన్నా ఎక్కువ కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ వాడే గుణకాల ప్రకారం, పది లక్షల బి.టి.యు. వేడికి సహజవాయువు 53 కిలోలు, ఆరో నంబరు చమురు 75 కిలోలు, కట్టె దాదాపు 94 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఇస్తాయి. కట్టె ఈ విషయంలో బొగ్గుతో సమానం. మిడిల్‌బరీ ప్రకటించిన అంకెలకే దీన్ని అన్వయించవచ్చు. 20 వేల టన్నుల పచ్చిపేళ్ళలో పొడికట్టె 10 నుంచి 11 వేల టన్నులు. అందులో సగం కర్బనం. ఒక టన్ను కర్బనం మండితే 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడ్. గుణించి మెట్రిక్ టన్నుల్లోకి మార్చితే ఏటా 16 నుంచి 18 వేల మెట్రిక్ టన్నులు అవుతుంది. చమురు మాని తప్పించామన్నది 12,500. అంటే పొగగొట్టం నుంచి వెళ్ళే వాయువు తగ్గలేదు, పెరిగింది. అయినా కళాశాల లెక్కల్లో కట్టె ఎదుట సున్నా ఉంది.

ఇది మోసం కాదు. ఆ సున్నాకు ఒక నియమం ఆధారం. దేశాల ఉద్గారాల లెక్కలకు అంతర్జాతీయ వాతావరణ మార్పుల సంఘం పద్ధతులు రూపొందించినప్పుడు, చెట్టు నరికినచోటనే అది అడవి కోల్పోయిన కర్బనంగా భూవినియోగ పద్దులో చేరుతుందని, మండించినచోట మళ్ళీ రాస్తే ఒకే ఖర్చు రెండుసార్లు పడుతుందని భావించారు. అందుచేత ఇంధన పద్దులో కట్టెకు సున్నా. దేశం మొత్తానికి రెండు పద్దులూ ఒకే పుస్తకంలో ఉన్నంతవరకు ఈ ఏర్పాటులో లోపం లేదు. ఒక సంస్థ ఈ పుస్తకంలోంచి ఇంధన పేజీని మాత్రమే చింపి తెచ్చుకుంటే సమస్య మొదలవుతుంది. కళాశాల బాయిలర్ కళాశాలది. పేళ్ళు వచ్చిన అడవి 75 మైళ్ళ పరిధిలోని ఎందరెందరో యజమానులది. ఆ అడవి ఎంత పెరిగింది, ఎంత తరిగింది అన్న పద్దు ఎవరి పుస్తకంలోనూ ఆ పేళ్ళకు ఎదురుగా కనబడదు.

మిడిల్‌బరీ కేంద్రం తెరిచిన ఎనిమిది నెలలకు, 2009 అక్టోబరులో, టిమతీ సెర్చింజర్, ఆయన సహరచయితలు ‘సైన్స్’ పత్రికలో ఈ లెక్కల పద్ధతిలోని తప్పును ఎత్తిచూపారు. మరుసటి ఏడాది మసాచుసెట్స్ రాష్ట్రప్రభుత్వం కోరగా మానొమెట్ అనే శాస్త్రసంస్థ ఒక నివేదిక ఇచ్చింది. అది ‘కర్బన రుణం’ అన్న భావనను చర్చకు కేంద్రంగా తెచ్చింది. కట్టె మండించినప్పుడు అదనంగా వెలువడే కర్బనం ఒక అప్పు. అడవి తిరిగి పెరిగినకొద్దీ ఆ అప్పు తీరుతుంది, తర్వాతనే లాభం. విద్యుత్తుకోసం బొగ్గు బదులు కట్టె వాడితే అప్పు తీరడానికి సుమారు ఇరవై ఏళ్ళు, విద్యుత్తులో సహజవాయువు బదులైతే తొంభై ఏళ్ళకు పైగా పడుతుందని, తాపనానికి చమురు బదులైతే మాత్రం దశాబ్దం లోపే తీరుతుందని ఆ నివేదిక అంచనా. కట్టెనుంచి విద్యుత్తు తీస్తే నాలుగింట మూడొంతుల శక్తి వృథా అవుతుంది, వేడి తీస్తే ఆ మూడొంతులూ దక్కుతాయి. తేడా అంతా అక్కడే ఉంది. చాలామంది ఈ నివేదికను కట్టెకు వ్యతిరేకంగానే చదివారు. జాగ్రత్తగా చదివితే అది విద్యుత్కేంద్రాన్నీ తాపనకేంద్రాన్నీ వేరుచేసి చూపుతుంది. మిడిల్‌బరీ వంటి ప్రాంగణానికి అందులో కొంత ఊరట ఉంది.

ఆ ఊరట కూడా రెండు షరతులమీద ఆధారపడింది. మొదటిది, పేళ్ళు ఎక్కడివి అన్నది. సామిల్లులో మిగిలిన చెక్క, కలప కొట్టాక అడవిలో వదిలేసే కొమ్మలు ఎలాగూ కుళ్ళి తమ కర్బనాన్ని కొన్నేళ్ళలో గాలికి వదులుతాయి. వాటిని మండిస్తే అప్పు చిన్నది. నిలబడి పెరుగుతున్న చెట్టును దీనికోసమే కొడితే అప్పు పెద్దది. చిప్పర్ యంత్రంలోంచి బయటికొచ్చాక రెండూ ఒకేలా ఉంటాయి. రెండో షరతు అడవి వయసు. వెర్మాంట్ అడవి గొర్రెలమేత వదిలిపోయాక మొలిచినది. అధికభాగం నూరేళ్ళ ప్రాయంలో ఉండి ఇంకా పెరుగుతూ, ఏటా కర్బనాన్ని కూడబెట్టుకుంటున్నది. నరికినంత మళ్ళీ పెరుగుతోంది కనుక కట్టె తటస్థమని వాదించేవారు ఈ పెరుగుదలను తమ పద్దులో జమ వేసుకుంటున్నారు. ఆ పెరుగుదల బాయిలర్ లేకపోయినా జరిగేదే కదా అన్నది ఎదుటివారి ప్రశ్న. ఈ ప్రశ్న బలమైనది. పందొమ్మిదో శతాబ్దపు రైతు చేసిన విధ్వంసాన్ని ప్రకృతి పూడ్చుకుంటున్న ఫలితాన్ని ఇరవయ్యొకటో శతాబ్దపు సంస్థ తన ఖాతాలో వేసుకోవచ్చునా అన్న ప్రశ్నకు శాస్త్రం ఒక్కటే సమాధానం చెప్పలేదు. ఏ సంవత్సరాన్ని మొదటి పేజీగా తీసుకోవాలో నిర్ణయించేది చరిత్ర.

7. 2016, ఆ తర్వాత:

2016 డిసెంబరులో మిడిల్‌బరీ కర్బన తటస్థతను సాధించినట్లు ప్రకటించింది. బాయిలర్, భవనాల పొదుపు, సౌరవిద్యుత్తు కలిపినా మిగిలిపోయిన ఉద్గారాలను పూడ్చింది బ్రెడ్‌లోఫ్ అడవి. అక్కడ కళాశాలకు చెందిన 2,100 ఎకరాలకు పైగా భూమిని శాశ్వత పరిరక్షణకు ఒప్పగించి, అక్కడి చెట్లు నిలుపుకునే కర్బనాన్ని జమగా చూపించారు. ఈ ఏర్పాటులో ఒక విచిత్రం ఉంది. ఒకే పద్దులో ఒకవైపు ఎవరివో చెట్లు మండించినందుకు సున్నా, మరోవైపు తమ చెట్లు మండించకుండా నిలిపినందుకు జమ. నియమాల ప్రకారం రెండూ చెల్లుతాయి. రెండింటినీ ఒకే చూపుతో చూసినవారికి మాత్రం మొదటిదాని ధీమా సడలుతుంది.

అలా చూసినవారిలో ప్రముఖుడు బిల్ మెకిబెన్. మిడిల్‌బరీలోనే బోధిస్తూ, 2008లో ఆ కళాశాల విద్యార్థులతో కలిసి 350.ఆర్గ్ ఉద్యమసంస్థను స్థాపించిన రచయిత. కట్టె కేంద్రం ఆలోచనను ధర్మకర్తల ముందు పెట్టిన విద్యార్థుల గర్వాన్ని ఆయన దగ్గరుండి చూశాడు. 2019లో ‘న్యూయార్కర్’ పత్రికలో, చెట్లను మండించడంకన్నా పెరగనివ్వడమే మేలని వాదిస్తూ వ్యాసం రాశాడు. అందులో మిడిల్‌బరీ ప్రస్తావన కూడా ఉంది. ఆనాడు మంచిదనిపించిన దానిని కొత్త లెక్కలు వచ్చాక పునఃపరిశీలించక తప్పదన్నది ఆయన వైఖరి. ఆయన ప్రధానంగా గురిపెట్టింది అమెరికా దక్షిణాది అడవులను గుళికలుగా చేసి ఐరోపా విద్యుత్కేంద్రాలకు ఓడల్లో పంపే భారీ వ్యాపారం మీద. ఆ వ్యాపారానికీ, 75 మైళ్ళ లోపలి కొమ్మలతో నడిచే ప్రాంగణ బాయిలర్‌కూ పోలిక అతిశయమే. అయినా ఒకే సున్నా రెండింటికీ ఆశ్రయమిచ్చిందన్న మాట కాదనలేనిది.

కళాశాల బాయిలర్‌ను ఆపలేదు. ఆపితే మళ్ళీ చమురో, లేక 2017లో పట్టణానికి చేరిన సహజవాయువు గొట్టమో దిక్కు. 2019 జనవరిలో ప్రకటించిన ‘ఎనర్జీ 2028’ ప్రణాళికలో మాట మారింది. తటస్థత స్థానంలో, 2028 నాటికి పూర్తిగా పునరుత్పాదక ఇంధనం, అంతకన్నా ముఖ్యంగా ప్రాంగణపు మొత్తం శక్తి వినియోగంలో 25 శాతం కోత, శిలాజ ఇంధన సంస్థలనుంచి పెట్టుబడుల ఉపసంహరణ లక్ష్యాలుగా వచ్చాయి. వాడే వేడినే తగ్గించాలన్న లక్ష్యానికి పద్దుల వివాదం అంటదు.

2021లో మిడిల్‌బరీకి దక్షిణాన సాలిస్‌బరీ గ్రామంలోని ఒక పాడిక్షేత్రంలో ఆవుల పేడనూ ఆహారవ్యర్థాలనూ పులియబెట్టి వాయువు తీసే కేంద్రం పని మొదలుపెట్టింది. తెలుగు పల్లెలకు పరిచితమైన గోబర్ గ్యాస్‌కు అది భారీరూపం. ఆ వాయువులో కొంత గొట్టం ద్వారా కళాశాలకు చేరుతుంది. 1840లో గొర్రెలు మేసిన లోయలో ఇప్పుడు ఆవులున్నాయి, చుట్టూ కొండల మీద అడవి ఉంది. రెండింటి నుంచీ వచ్చే ఇంధనం ఒకే ఆవిరి గొట్టాలను వేడి చేస్తోంది.